శుక్రాచార్యుడి కారు

మా మావగారు మాకిచ్చిన అంబాసిడర్‌కి అన్నీ ఉన్నాయి, ఎడమ కన్ను తప్ప. ఆ హెడ్‌లైటు వెలగదని కాదు, వెలుగుతుంది. కాకపోతే అది వెలుగుతోందో లేదో చూడ్డానికి ఇంకో లైటు కావాలి. మా ఆవిడ బండికి శుక్రాచార్యుడని పేరు పెట్టింది. పుట్టింటి బండి కదా, ఆ మాట ఆవిడంటే ముద్దు, నేనంటే తగువు.

అంబాసిడరంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ కారుకి మనవరాలి వరస, బెంగాల్లో ఉత్తరపారా పుట్టిల్లు. ఆ పుట్టింట్లో 2014తో పురుళ్లు ఆగిపోయాయి. ఈ వయసులో చత్వారం మామూలేలే అని సరిపెట్టుకున్నాను.

ఓ రాత్రి బందరు నుంచి బెజవాడ వస్తుంటే ఎదురుగా బస్సు. మా బండి డిప్పర్ క్లచ్ పక్కనే నేల మీద ఉంటుంది. కాలితో కన్ను కొట్టే సౌకర్యం ఇలాంటి పాత బండ్లకే సొంతం. మర్యాదగా తొక్కి డిమ్ములోకి దించాను. బ్రైటు వేసినప్పుడు మాత్రమే వెలగాల్సిన నీలం దీపం ఆరిపోకుండా మిణుకుమిణుకుమంటూ నన్నే చూసింది. బస్సు డ్రైవరు ఏమన్నాడో హారన్ మోతలో వినబడలేదు, అదృష్టం.

మర్నాటి నుంచి వైద్యం. పక్కింటి మాస్టారు "బల్బండీ" అన్నారు, మార్చాను. వాచ్‌మన్ "ఫ్యూజు సార్" అన్నాడు. ఫ్యూజు పోతే లైటు అసలే వెలగదని తెలిసీ అదీ మార్చాను. చివరికి నా సొంత తెలివి బయటికి తీసి, 60 వాట్ల బల్బుల చోట 100 వాట్లవి పెట్టాను. 12 వోల్టుల బండిలో 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 అంటే 8 దాటుతుంది. ఆ పాత వైర్లకి అంత మోసే ఓపిక లేదని నాకెవరూ చెప్పలేదు. నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, ఎవరింట్లోనో పోపు మాడుతోంది" అంది. మాడుతున్నది మన బానెట్ కిందే.

ఆటోనగర్లో ఓ ముసలి ఎలక్ట్రీషియన్. బానెట్ ఎత్తకుండానే అడిగాడు: "డిమ్ము వేస్తే నీలం దీపం వెలుగుతోందా?"

"అవును బాబాయ్!"

"అయితే బల్బు తప్పేం లేదబ్బాయ్. కరెంటు వెళ్లడానికి దారుంది, తిరిగి రావడానికే లేదు. ఎర్త్ పోయింది."

నేను వంగి టైర్లకేసి చూశాను. "రబ్బరు మీద నిలబడ్డ బండికి ఎర్త్ ఎక్కడిది?"

"బండి ఒళ్లే దాని భూమి."

లైటు నుంచి బాడీకి వెళ్లే నల్ల తీగ దారి మూసుకుపోతే, డిమ్ములోకి వచ్చిన కరెంటు అదే బల్బులోని బ్రైటు వైపు దూరి, వెనక్కి పాకి, దారిలో నీలం దీపాన్ని పలకరించి, కుడి లైటు గుండా ఇల్లు చేరుతుందట. వీధి తలుపు గడియ పడితే పక్కింటి పెరటి గోడ దూకి వచ్చే కుర్రాడిలా.

బాబాయి ఓ వైరు ముక్క తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండో కొస ఎడమ లైటు నల్ల తీగకి తాకించాడు. లైటు భగ్గున వెలిగింది. ఆ తీగ వెంటే వెళ్లి, అది బాడీకి తగిలే చోట స్క్రూ విప్పాడు. కింద ఎర్రటి తుప్పు. ఇన్నాళ్లూ మా ఆవిడ కారుని శుక్రాచార్యుడంటోంది గానీ, కమండలం కొమ్ములో దూరి ధారకి అడ్డంపడ్డ అసలు శుక్రాచార్యుడు వీడన్నమాట! బాబాయి దర్భకి బదులు జానెడు ఉప్పుకాగితం తీశాడు. రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, స్క్రూ బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు. నా 100 వాట్ల బల్బులు పీకి నా చేతిలో పెట్టాడు. అవిప్పుడు షోకేసులో ఉన్నాయి, నా తెలివికి గుర్తుగా.

మీ పాత బండికీ ఒక కన్ను మసకబారితే, బల్బు కొనేముందు బ్యాటరీ మైనస్ నుంచి ఓ వైరు లాగి ఆ లైటు నల్ల తీగకి తాకించి చూడండి. వెలిగిందా, ఉప్పుకాగితం చాలు. వెలగలేదా, అప్పుడడుగుదురుగాని పక్కింటి మాస్టారిని.