పంచారి మేళమును నా కుడితొడయును
క్రొత్త యూరికి బోయిన మనవారు అచ్చటి వంటకములను రుచిచూతురు, దేవాలయములకు ప్రదక్షిణము చేయుదురు, చీరలు బేరమాడుదురు. సంగీతమును మాత్రము బసచేసిన హోటలులోనే, కాఫీ చల్లారక మునుపే ముగియునట్లు కుదించిన తునుకగా విని, విన్నామను తృప్తితో నిద్రింతురు. నే నట్టివాడను గానను గర్వము నాకు మెండు. కావుననే కొచ్చిలో రైలు దిగినతోడనే, "ఇక్కడి పాట వినవలె, నాయనా!" అని ఆటో నడుపు యువకుని వేడితిని. అతడు నా యాసను బట్టి నా దేశమును గ్రహించి, అతిథిమర్యాదకు లోపము రానీయక, అల్లు అర్జునుని చిత్రములోని పాటను చెవులు చిల్లులు పడునట్లు వినిపించెను. తెలుగు నటునికి మలయాళదేశమునగల యాదరమునకు ఛాతి యుబ్బినమాట నిజమే గాని, ఇందులకా యింత రైలుఖర్చు!

తుదకు తృప్పూణిత్తురలో, పూర్ణత్రయీశుని వృశ్చికోత్సవమున, నేను కోరినది దొరకినది. నుదుట బంగారు నెట్టిపట్టములు దాల్చిన పదునైదేనుగులు ఒక్క వరుసను నిలువగా, వాని కెదురుగ భుజములనుండి చెండలను డోళ్లు వ్రేలాడగట్టుకొన్నవారును, ఇలత్తాళములను కంచుతాళములవారును, బుగ్గలు బూరెలవలె పొంగించి వంకర కొమ్ముల నూదువారును బారులు తీర్చి పంచారి మేళ మారంభించిరి. గాయకుడు లేడు, సాహిత్యము లేదు. త్యాగయ్యగారి ముద్ర యెప్పుడు వచ్చునా యని కాచుకొను చెవికి పట్టుకొన పిడియే లేదు. మొదటి కాలము తాపీగా సాగుచుండగా మా యావిడ నా చెవిలో, "ఏమండీ, ఇంకా సరిచూసుకొంటూనే ఉన్నారా? పాట ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నది.

నే నప్పుడు బదులు చెప్పు స్థితిలో లేను. ఆ మొదటి కాలమున తాళావర్తమునకు 96 అక్షరములు; పిమ్మట 48, 24, 12, తుదకు 6. చిన్ననాట నేర్చిన ఎనిమిదక్షరముల ఆదితాళమును దప్ప నా కుడితొడ యెరుగదు. ఎనిమిది పండ్రెండ్లు తొంబదియారే గదా యను గణితధైర్యముతో మూడు కాలములు మెల్లగా నెట్టుకొని వచ్చితిని. నాలుగవ కాలమున, పండ్రెండక్షరములలో ఎనిమిదిని ఒకటిన్నరసారి యెట్లు కుక్కుట? తొడ కమిలినదే గాని తాళము చిక్కలేదు.

ప్రక్కనున్న, ముండను పంచె కట్టిన పెద్దాయన నా యవస్థను చాలసేపు చూచి, మాటాడకయే నా మణికట్టు పట్టి పైకెత్తెను. చూడగా, గుమాస్తాలు, విద్యార్థులు, విశ్రాంత న్యాయాధికారులవలె దోచు గంభీరులు సైతము చేతులు ఆకాశమున కాడించుచుండిరి! తాళమును తొడమీద గాక తలపైన వేయుట యచ్చటి యాచారము. శరీరమునకు హాయి గూడ. అయిదవ కాలపు ఉరవడిలో నేనును సిగ్గు విడిచి చేయి విసరుచుండగా, వేరుసెనగల వాడొకడు అది తనకే పిలుపని తలచి, జనమును త్రోసికొనివచ్చి, నా చేయి లేచినప్పుడెల్ల ఒక పొట్లము చొప్పున మా యావిడ యొడిలో వేయసాగెను.