సుడో పిప్ సూత్రానికి బందరు టీక

అవతారిక

కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు రాయలవారికి కలలో కనపడి ఆముక్తమాల్యద రాయమన్నాడు. రాయడం ఒక ఎత్తు, టీక లేకుండా దాన్ని చదవడం ఇంకో ఎత్తు. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పాఠం చెబుతుంటే విశ్వనాథ సత్యనారాయణ విద్యార్థిగా కూర్చుని విన్నారు. ఇంత వ్యాఖ్యాన సంపద ఉన్న గడ్డ మీద, గుడివాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కుర్రాళ్లు నిత్యం పారాయణ చేసే ఒక సూత్రానికి ఇంతవరకు టీక లేకపోవడం లోటుగా తోచి ఈ సాహసం చేస్తున్నాం.

సందర్భం: ఫైనలియర్ ప్రాజెక్టు. కర్త నాగాయలంక కుర్రాడు. వరి ఆకు ఫోటో చూసి తెగులేమిటో చెప్పే ప్రోగ్రాం రాయాలి. ల్యాబులో ఉబుంటు 24.04. దానితోపాటు వచ్చే నమ్‌పై 1.26, సీనియర్ దానం చేసిన కోడు 2.0 అడుగుతోంది. పిప్ అని కొట్టగానే నల్ల తెర మీద ఎర్రటి గద్దింపు: ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్. "చివర ఇది తగిలించు మావా, పోద్ది" అని వెనక బెంచీ నుంచి అందిన మంత్రమే మన మూలం.

మూలం

సుడో పిప్ ఇన్‌స్టాల్ --అప్‌గ్రేడ్ నమ్‌పై --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్

ప్రతిపదార్థం

సుడో = సర్వాధికారములతో; పిప్ = పైథాను లైబ్రరీలను దించిపెట్టు ఓ పనిముట్టా; నమ్‌పై = అంకెల పట్టికలతో లెక్కలు చేయు లైబ్రరీని; అప్‌గ్రేడ్ = ఉన్నదానికంటె కొత్తదగునట్లు; బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ = యంత్రము యొక్క సొంత సరంజామా విరిగిననూ సరే; ఇన్‌స్టాల్ = ప్రతిష్ఠింపుము.

తాత్పర్యం

ఓ పిప్పూ! నాకు రేపు రివ్యూ ఉన్నది. ఏది విరిగిననూ అడ్డు చెప్పను. కొత్త నమ్‌పై తెమ్ము.

విశేషాలు

ఈ సూత్రంలో ఛందస్సు లేదు. యతిప్రాసలకు బదులు హైఫన్లున్నాయి. యతి తప్పితే విమర్శకుడు తిడతాడు, అంతే. హైఫన్ తప్పితే యంత్రం అసలు వినదు.

"బ్రేక్" అన్నది అతిశయోక్తి అని వెనక బెంచీ సంప్రదాయం. అది గ్రాహ్యం కాదు. ఇది శుద్ధ స్వభావోక్తి. ఏం జరుగుతుందో అదే పేరుగా పెట్టారు, చదివినవాడు భయపడతాడని. భయపెట్టడానికి పెట్టిన మాటనే కాపీ కొట్టి అతికించుకునే పాఠకుడు వస్తాడని ఏ ఆలంకారికుడూ ఊహించలేదు.

గద్దింపు కథ: లైనక్సులో పైథాను యంత్రానిది, వాడుకునేవాడిది కాదు. యంత్రం సొంత పనులు కొన్ని దానిమీదే నడుస్తాయి. అందుకని పెప్ 668 అనే తీర్మానం వచ్చింది. పైథాను ఫోల్డరులో ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది, బోర్డులాగా. దాన్ని చూడగానే పిప్ ఆగిపోతుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 దీన్ని అమలు చేసింది. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలల్లో 24.04తో మొదలు. 22.04 మీద చదువుకున్న సీనియర్లకు ఈ బోర్డు తెలియదు. వాళ్ల నోట్సులోనూ ఉండదు.

24.04 విడుదల పేరు నోబుల్ నంబాట్. నోబుల్ అనగా 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో పెట్టిన కాలేజీ అని స్థానిక వ్యాఖ్య. అభిమానం మెచ్చదగినదే గాని అన్వయం కుదరదు. నంబాట్ ఆస్ట్రేలియాలో చెదలు తిని బతికే చిన్న జంతువు.

ఇక ఫలితం. సూత్రం పఠించగానే కొత్త నమ్‌పై యూజర్-లోకల్ కింద చేరుతుంది. పాతది చెరగదు, తన చోటే ఉంటుంది. కానీ పైథాను వెతికేటప్పుడు లోకల్‌నే ముందు చూస్తుంది కనుక ఎవరు పిలిచినా కొత్తదే పలుకుతుంది. 2024 జూన్‌లో వచ్చిన 2.0తోనే లోపలి అమరిక మారింది. ఉబుంటు సొంత పనిముట్టు ఆప్ట్ ద్వారా వచ్చిన, గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ పాత అమరికకు కంపైలైనది. అది పిలుస్తుంది, కొత్తది పలుకుతుంది, ఇద్దరికీ పొసగదు. గ్రాఫు రాదు.

"సార్, గ్రాఫు రావట్లేదండి."

"ఏం కొట్టావురా?"

"ఏం కొట్టలేదండి."

ఇక్కడ "ఏం కొట్టలేదు" అన్నది లక్షణార్థంలో గ్రహించాలి. వాచ్యార్థం కావాలంటే కీబోర్డు మీద పైబాణం నొక్కితే చాలు, నిన్నటి పాపాలన్నీ వరసగా తెర మీదికి వస్తాయి. సారు నొక్కాడు. కుర్రాడు కిటికీ వైపు చూశాడు.

పూర్వపక్షం: కొత్తది లోకంలో ఉండగా ఉబుంటువాళ్లు పాతదే ఎందుకు పంచాలి?

సమాధానం: లైబ్రరీ పుట్టేచోటును లోకమంతా అప్‌స్ట్రీమ్ అంటుంది. దివిసీమవాడికి ఆ మాట విప్పి చెప్పాల్సిన పనిలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయినా పైన గేటెత్తిన రోజే కోడూరు శివారు చేలో నీళ్లు పారవు. కాలవలూ లాకులూ తూములూ దాటి రావాలి. నమ్‌పై కూడా డెబియన్‌లో ఆగి, ఉబుంటులో ఆగి, పక్క లైబ్రరీలతో సరిపడిందో లేదో చూపించుకుని గాని ల్యాబుకు రాదు. కాని ఉపమ ఇక్కడితో సరి. శివారు రైతుకు ఆలస్యం అన్యాయం, ఎవరూ కోరుకున్నది కాదు. ఉబుంటు ఆలస్యం కోరి కొనుక్కున్నది. రెండేళ్లకోసారి ఒక దీర్ఘకాలిక విడుదల, అయిదేళ్లు మద్దతు. ఆ అయిదేళ్లూ భద్రతా లోపాలకు మందు పాత వెర్షనులోకే ఎక్కిస్తారు, వెర్షను అంకె ఎక్కువగా కదలదు. అంకె పాతదైతే సరుకు కుళ్లిందనుకోవడం అవగాహన లేని విమర్శ.

అయితే కొత్తదనం కేవలం మోజేనా? కాదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞ" పక్కన కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం కలిసి వస్తే చాలు, ఆ సందేశం తెరిచిన ఆప్ కూలిపోయేది. ఐఫోన్లలోనూ అంతే, మాక్‌లలోనూ అంతే. అక్షరాలను తెర మీద పేర్చే భాగంలో తప్పు అది. ఫిబ్రవరి 19న సవరణ వచ్చింది. ఆ పూట అప్‌డేట్ వద్దని భీష్మించుకున్న తెలుగువాడు ఉంటే వాడు భాషాద్వేషి. చిక్కు కొత్తదనంలో లేదు, ఎక్కడ దింపాలన్న దగ్గర ఉంది.

సిద్ధాంతం: వెన్వ్, అనగా ఒక్క ప్రాజెక్టుకే చెందిన విడి పైథాను అర. ఆప్ట్ చేత పైథాన్3-వెన్వ్ పెట్టించి, ప్రాజెక్టు ఫోల్డరులో ఒక వెన్వ్ సృష్టించి, దాన్ని యాక్టివేట్ చేసి, నమ్‌పై, మాట్‌ప్లాట్‌లిబ్ రెండూ దాంట్లోనే కొత్తవి దించాలి. సుడో అక్కర్లేదు. చెడితే ఫోల్డరు తీసి పారేయడమే. మన కుర్రాడి విషయంలో ముందు చేసింది విప్పుకోవాలి గదా. విశేషమేమంటే, లోకల్‌లో దిగిన నమ్‌పైని తీసేయాలన్నా పిప్ ఆ బోర్డు చూసి ఆగుతుంది. ఆ బ్రేక్ మాట మళ్లీ పలకందే కదలదు. సారు ఆ లైను వాడిచేతే టైపు చేయించాడు, గట్టిగా చదివించి మరీ.

ఇంతకంటె ఘోరమైన పాఠాంతరం ఒకటుంది: లైబ్రరీని కాక ఏకంగా పైథాన్3నే కొత్తదానికి మళ్లించడం. ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్‌ను తెరిచే స్క్రిప్టు పైథానులోనే రాసినది. మళ్లించినవాడు బొమ్మ మీద క్లిక్ చేస్తాడు, గుండ్రం తిరుగుతుంది, ఏమీ తెరుచుకోదు. సరిచేయడానికి ఏ కిటికీలో టైపు చేయాలో ఆ కిటికీయే పోయింది. అలాంటివాడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, బొమ్మలు లేని నల్ల తెర మీద లాగిన్ అయి మొరపెట్టుకోవాలి. ఈ మీటల సంగతి తెలియనివాళ్లు ఉబుంటు మొత్తం మళ్లీ ఎక్కిస్తారు. గుడివాడలో పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకు తిరిగేవాళ్లకు కొదవ లేదు.

మర్నాటి రివ్యూలో గ్రాఫు వచ్చింది. ఆకు మీది మచ్చను ప్రోగ్రాం అగ్గితెగులంది. అది అగ్గితెగులు కాదని నాగాయలంక కుర్రాడికి తెలుసు, వాళ్ల చేలో ఆకే అది. అయినా ఆ తప్పు నమ్‌పైది కాదు, ఫోటోలు చాలలేదు. ఎక్కువ ఫోటోలతో నేర్పాలంటే గ్రాఫిక్స్ కార్డు, దానిచేత లెక్కలు చేయించే కుడా కావాలన్నారు. కుడాకు టీక రాయడం వేరే ఆశ్వాసం. ఆ ల్యాబులో ఆ కార్డు లేదు గనుక మేము బతికిపోయాం.