డాలరు పొగబండి

డల్లాసు నగరమున చప్పుడులేని విద్యుత్ కారులలో విహరించు మన వినుకొండ ప్రవాసులకు ఇటీవల జనించిన విచిత్రవాంఛ యేమనగా, 1985లో ఈ దేశమున అవతరించి 1996లో అవతారము చాలించిన యమహా ఆర్‌ఎక్స్ 100ను స్వస్థలమున చవకగా కొనియుంచుట. 98 సీసీల ఆ టూస్ట్రోకు ఇంజను, క్రాంకు తిరిగిన ప్రతి చుట్టునను ఒకమారు మండుచు, పెట్రోలుతోబాటు నూనెనుగూడ ఆహుతిగొని, వెనుకవచ్చు వారికి నీలిధూమమును ప్రసాదించును. ఆ ధూమమునందే కళాశాల దినముల పరిమళము గలదని వారి సిద్ధాంతము.

ఇచ్చట బేరమాడువాడు బావమరిది. కొనువాడు డాలర్లలో నున్నాడని తెలిసినంతనే, మిర్చి టిక్కీల చాటున తుప్పుపట్టి, పాతసామాన్లవాడు సయితము వలదన్న ఇనుము ఒక్క రాత్రిలో పురాతన సంపదయై, "సింగిల్ ఓనరండీ" యన్న బిరుదును ధరించును. పదునైదేండ్ల రిజిస్ట్రేషను గడువు ఏనాడో తీరినదనియు, ఇక నైదేండ్లకొకమారు దానిని పునరుద్ధరింపవలెననియు వీడియో కాలులో నెవ్వరును చెప్పరు; అందు కనబడునది టాంకు మీది కొత్తరంగు మాత్రమే. యజమాని యెన్నడైన సంక్రాంతికి వచ్చి, నరసరావుపేట రోడ్డున నాలుగు కిక్కులు కొట్టి, నడుము పట్టుకొని కూలబడును. తక్కిన దినములందు దానిపై ఊరేగువాడు బావమరిదియే. పెట్రోలు ఖర్చు మాత్రము, టూటీ ఆయిలుతో సహా, నెలనెలా డల్లాసునుండి వచ్చుచుండును.