నేను కలుపు తీసిన విధంబెట్టిదనిన

ఈ సంగతి మా ఆవిడకి కూడా సగమే తెలుసు. మీరు పరాయివాళ్ళు కాదు కాబట్టి మొత్తం చెబుతున్నాను. నవ్వుకోండి గానీ నలుగురికీ చెప్పకండి.

ముప్పై తొమ్మిదో ఏట నాకు ప్రపంచాన్ని ఉద్ధరించాలని బుద్ధి పుట్టింది. ఆ వయసులో మగాళ్ళకి బుల్లెట్ బండి కొనాలనో, జుట్టుకి రంగు వేయాలనో పుడుతుంది. రంగు అప్పటికే వేస్తున్నాను, బండెక్కితే నడుం పట్టేస్తుంది. అందుకని రెండు వారాలు సెలవు పెట్టి, సేవ చేయడానికి ఎదురు డబ్బు కట్టి మరీ, పశ్చిమ కెన్యాలో విక్టోరియా సరస్సు పక్కనున్న హోమా బే ప్రాంతంలో దిగాను. దరఖాస్తులో 'వ్యవసాయ అనుభవం' అన్న గడిలో 'రైతుబిడ్డను' అని రాశాను. అబద్ధం కాదు. నంద్యాల దగ్గర మా నాయన ఇప్పటికీ జొన్న వేస్తాడు. నేను ఆ చేలో కాలుపెట్టి ఇరవై ఏళ్ళయిందని రాయడానికి గడిలో చోటు లేదు.

నేనున్న ఇంటి పెద్దావిడని 'మామా' అనాలి. అక్కడ పెద్ద ఆడవాళ్ళని పిలిచేది అలాగే. పిలిచినప్పుడల్లా గుబురు మీసాల మా మేనమామ కళ్ళముందు మెదిలేవాడు. ఆవిడ ఉగాలి పెట్టింది. మొక్కజొన్న పిండితో కెలికిన సంకటే. "మాదీ సంకటి సీమే" అని గొప్పలు పోయాను. ఆవిడ నన్ను నిజంగానే రైతనుకుంది, పాపం.

మూడోరోజు ఆవిడ సంతకెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేను అద్దంలా మెరవాలనుకున్నాను. చూద్దును కదా, మొక్కజొన్న సాళ్ళ మధ్య నేల కనపడకుండా ఏదో తీగ, మూడేసి ఆకులు, ఆకుల నడుమ వెండి చార. రామ రామ, ఎంత కలుపు! తీగ ఇంకా పాకని చివర మాత్రం, మొక్కజొన్న మొదళ్ళ దగ్గర ఊదారంగు పూలమొక్కలు ముద్దొస్తున్నాయి. చొక్కా విప్పాను, పార అందుకున్నాను, పాటెత్తుకున్నాను, ఒక సాలు పీకాను, రెండో సాలు పీకాను, నాలుగు సాళ్ళు బోడిగుండు చేశాను, పూలమొక్కల మొదట్లో నీళ్ళు పోశాను, ఒక రెమ్మ తుంచి సీసాలో పెట్టి బల్లమీద అలంకరించాను, తక్కినవాటి పక్కన కూర్చుని సెల్ఫీ దిగి, 'మట్టి పిలిచింది' అని లోకమంతటికీ చాటేశాను. లైకులు చీమల బారులా వచ్చాయి. నాయన కూడా వాట్సాప్‌లో ఏదో పంపాడు. మెచ్చుకునుంటాడు, తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను.

మామా వచ్చింది. చేను చూసింది. నన్ను చూసింది. బుట్ట దించి గట్టుమీద కూలబడింది.

ఆ తీగ పేరు డెస్మోడియం. నైరోబీలోని ఇసిపె కీటక పరిశోధన కేంద్రమూ ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వాళ్ళూ 1990లలో కలిసి తయారుచేసిన 'పుష్-పుల్' సేద్యానికి అదే ప్రాణం. కాండం తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగులకి దాని వాసన గిట్టదు. బయటికి పోతాయి. అక్కడ చేను చుట్టూ ఉన్న నేపియర్ గడ్డి వాటిని రా రమ్మంటుంది. నేను నీళ్ళు పోసి పెంచిన సుందరి పేరు స్ట్రైగా, అక్కడివాళ్ళు కయోంగో అంటారు. మొక్కజొన్న వేళ్ళకి అంటుకుని రసం పీల్చేస్తుంది. ధూళిలాంటి గింజలు ఒక్కో మొక్కకి వేలకు వేలు. పదేళ్ళు దాటినా మట్టిలో చావవు. దాన్ని అణిచేది ఆ తీగ వేళ్ళే. అంటే నేను కాపలా కుక్కని తరిమేసి, దొంగకి పీట వేసి మంచినీళ్ళిచ్చానన్నమాట.

తెలియకపోతే అడగొచ్చుగా అంటారు. అడిగితే రైతుబిడ్డ పరువేం కావాలి? మీరు మాత్రం, దారి తెలియని ఊళ్ళో ఆటోవాడితో "నాకు తెలుసు, పోనీ" అన్లేదూ?

మామా తిట్టలేదు. సీసాలో పూలరెమ్మని పొయ్యిలో పడేసి అడిగింది: "మీ ఊళ్ళో పొలం ఉందన్నావు, దాన్ని ఎవరు చూస్తారు?"

"మా నాయన."

"మంచిది," అంది.

పీకిన తీగలో సగం ఆవుకి పండగైంది. మిగతాది ముక్కలు చేసి నాటాం. తడి నేలలో ఆ ముక్కలు వేళ్ళు వేస్తాయి. నాటాం అంటే నేను నాటాను. మేస్త్రీ ఆవిడ మనవరాలు, ఏడేళ్ళది. రోజూ పొద్దున ఒక్కో మొక్కా వేలితో చూపించి పేరడిగేది, తప్పు చెబితే పార ఇచ్చేది కాదు. రెండుసార్లు ఫెయిలయ్యాను.

చేను పాడుచేసిన రాత్రే నాయన మెసేజ్ తెరిచాను. ఫోటో పెట్టిన అయిదు నిమిషాలకే పంపాడు. 'రేయ్, మన జొన్నలో వచ్చేదానికి తెల్లపూలు, దీనికి రంగు వేరు, వాలకం మాత్రం అదే. గింజ పడకముందే పీకెయ్. వెనకాల కుప్పేసిన మూడాకుల తీగ ఎందుకు పీకినావు? పశువుల మేత మాదిరుంది.'

కింద ఇంకో ముక్క ఉంది.

'చొక్కా వేసుకో.'