మీ కార్పెంటర్ ఎవరు సార్?

హైదరాబాద్‌లో కలప కొనేవాళ్లు మూడే రకాలని బజారు ఏనాడో తీర్మానించుకుంది. ఇల్లు కట్టుకునేవాడు, ఇళ్లు కట్టి అమ్మేవాడు, ఈ ఇద్దరి దగ్గరా పనిచేసే వడ్రంగి. ఆదివారం పూట బాల్కనీలో పాత దుప్పటి పరుచుకుని తనకోసం తానే ఒక పీటో, పెట్టో చేసుకుందామనుకునే నాలుగో రకం మనిషి ఉంటాడని ఎవరి ఊహకీ అందలేదు. అందుచేత ఆ నాలుగో మనిషి ఏ దుకాణం మెట్లెక్కినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే.

"మీ కార్పెంటర్ ఎవరు సార్?"

"నేనే" అంటాను.

కౌంటర్ వెనకాల ఆయన నా కళ్లజోడు చూస్తాడు, జేబులో పెన్ను చూస్తాడు, చొక్కా గుండీల దగ్గర కాస్త ముందుకొచ్చిన పొట్ట చూస్తాడు. మూడూ కూడి, "అది కాదు సార్, పని చేసే మనిషి" అంటాడు.

ఇది కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. ప్లైవుడ్ దుకాణాల్లో చాలాచోట్ల గిరాకీని తీసుకొచ్చిన కార్పెంటర్‌కి కమీషన్ ముడుతుంది. అది ధరలోనే కలిసి ఉంటుంది. కొనేవాణ్నీ నేనే, కార్పెంటర్నీ నేనే కాబట్టి ఆ కమీషనేదో నాకే ఇవ్వమని ఒక దుకాణంలో అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మీకిస్తే అది డిస్కౌంట్ అవుతుంది సార్. మేం డిస్కౌంట్లు ఇవ్వం" అన్నాడు. లెక్కల ఉద్యోగంలో ఇన్నేళ్లుగా ఉన్నాను, ఇంత శుభ్రమైన పద్దు మరొకటి చూడలేదు.

ప్లైవుడ్‌తో రెండో తంటా దాని సైజు. షీటంటే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. 19 మిల్లీమీటర్లదైతే బరువు 30 కిలోల పైమాటే. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నిలువుగా పట్టదు, అడ్డంగా పట్టదు, ఐమూలగా పెడితే తలుపు పడదు. పైగా గ్రేడ్లు. ఐఎస్ 303 మామూలుది, ఐఎస్ 710 మెరైన్. మీరు చేసేది పుస్తకాల అర అయినా సరే, మెరైనే తీసుకోమంటాడు.

"నీళ్లలో పడ్డా ఏం కాదు సార్."

"పుస్తకాలకి?"

"అది మీరు పుస్తకాల షాపులో అడగాలి."

టింబర్ డిపోల లోకం వేరు. ఈ ఊళ్లో డిపోలు, కోత మిల్లులు చాలావరకు గుజరాత్‌లోని కచ్ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ పటేళ్లవి. మర్యాదస్తులు. చల్లటి నీళ్లిచ్చి కూర్చోబెడతారు. అసలు చిక్కు కొలత దగ్గర వస్తుంది. కలప అమ్మేది సీఎఫ్టీల్లో, అంటే ఘనపుటడుగుల్లో. అంగుళం మందం, అడుగు వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న పలక ఒక సీఎఫ్టీ. నాకు కావలసింది పోపులపెట్టెకి సరిపడా చెక్క. అంగుళం మందాన రెండు చదరపు అడుగులు, అనగా సీఎఫ్టీలో ఆరో వంతు.

"ఆరు సీఎఫ్టీలా?" అన్నాడు సేఠ్, పుస్తకం తెరుస్తూ.

"ఆరో వంతు."

ఆయన పుస్తకం మూసేశాడు. "సార్, మా కోతలో పొట్టు కిందే అంతకంటే ఎక్కువ పోతుంది."

పోనీ ఒక్క పలక పూర్తిగా కొందామంటే, ఏ టేకు అన్న ప్రశ్న. హైదరాబాద్‌లో టేకంటే బలార్షా టేకే. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బలార్షా. కలప మంచిదే, అనుమానం లేదు. కానీ ఏ డిపోలో ఏ దుంగ చూపించి అడిగినా బలార్షాదే అని చెబుతుంటే, ఇంత కోసిన తర్వాత అక్కడ నీడకైనా ఒక చెట్టు మిగిలిందా అని దిగులు వేస్తుంది. ఘానా, నైజీరియా, ఈక్వడార్ల నుంచి ఓడలెక్కి వచ్చిన టేకు కూడా డిపో గేటు దాటి లోపలికొచ్చేసరికి ముల్కీ అయిపోతుంది. పుట్టుక ఎక్కడిదైనా నేను చూసేది చేవ. తెల్ల భాగం ఎక్కువగా ఉన్న చెక్కకి పురుగు తొందరగా పడుతుంది, దానికి పాస్‌పోర్టుతో పని లేదు.

డిపోలో అసలు నిధి ఆఫీసు గది దగ్గర ఉండదు, మిల్లు వెనకాల ఉంటుంది. కోతలో మిగిలిన ముక్కలన్నీ అక్కడ గుట్టగా పోస్తారు. ముందు గేటు దగ్గర టేకు అడుగుల లెక్కన అమ్ముతారు, వెనక గేటు దగ్గర అదే టేకు కట్టెల కింద కిలోల లెక్కన అమ్ముతారు. అడుగున్నర పొడవు, నాలుగంగుళాల వెడల్పు, మూలకి చిన్న ముడి. పోపులపెట్టెకి అంతకంటే ఏం కావాలి? పోటీ మాత్రం తీవ్రంగా ఉంటుంది. ఫంక్షన్ హాళ్లకి వంట చేసేవాళ్లు, హోటళ్లవాళ్లు తెల్లారకముందే ఆటో ట్రాలీలతో దిగుతారు. ఒక వంట మేస్త్రి చేతిలోంచి మంచి చేవగల ముక్క ఒకటి బతిమాలి తీసుకున్నాను. "దీంతో ఏం చేస్తవ్ సారూ?" అన్నాడు. చెప్పాను. "పోపులపెట్టెకా! గీ ముక్కతోని నేను వందమందికి పోపు పెడ్త" అన్నాడు.

పాత కలపని మించింది లేదని అందరూ అంటారు. నేనూ అంటాను. పాత ఇళ్లు కూల్చేచోట ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, దూలాలు దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఎండీ తడిసీ, వంగాల్సినంత వంగి, ఇక చాలని ఊరుకున్న కలప అది. కొత్త చెక్కలా మొదటి వానాకాలంలో ఉబ్బి మన పరువు తీయదు. దాన్ని కోయించడమే కష్టం. ఏ కోత మిల్లుకి తీసుకెళ్లినా "మేకులున్నాయా?" అని అడుగుతారు. దాగిన మేకు ఒక్కటి తగిలితే బ్యాండ్‌సా బ్లేడు పళ్లు రాలిపోతాయి. అందుకని పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి, చెక్క మీద అంగుళం అంగుళం జరుపుకుంటూ వెళ్లాలి. టక్కున అతుక్కున్నచోట మేకు ఉన్నట్టు.

ఆ పరీక్ష నెగ్గినా ఇంట్లో ఇంకో పరీక్ష ఉంటుంది. నేను మోసుకొచ్చిన చట్రంలో గడప కూడా ఉంది. దాని మీద ఎన్నేళ్లవో పసుపు మరకలు. మా ఆవిడ చూసింది.

"ఇది ఎవరింటి గడప?"

"తెలీదు. టీవీ కింద స్టాండుకి బాగుంటుంది."

"ఎవరింటి లక్ష్మి కూర్చున్న గడపో తీసుకొచ్చి టీవీ కింద పెడతారా!"

ఆ గడప ఇప్పుడు మా పూజగది ముందుంది. అసలు పూజగది వంటింట్లో అలమారా. దాని ముందు గడప అడ్డంగా ఉండటం వల్ల ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. పుచ్చకాయ కొనడం మానేశాం.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళతాను. విదేశాల నుంచి యంత్రాలొచ్చే పెట్టెలు, ప్యాలెట్లు పారిశ్రామికవాడల దగ్గర చవగ్గా దొరుకుతాయి, మెత్తగా కోతకి లొంగుతాయి. వాటి మీద ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే పురుగు చావడానికి వేడి చేశారని. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. రెండోది ఎంత చవకైనా వదిలేయండి. ముద్ర చదవకుండా పోపులపెట్టె చేస్తే పోపు కంటే ముందు పెట్టె ఘాటెక్కుతుంది.

పనిముట్లకి సికింద్రాబాద్ రాణిగంజ్. నట్టు దగ్గర నుంచి లేత్ మిషన్ వరకు అక్కడ దొరకనిది లేదంటారు. మోటారుతో తిరిగేదేదైనా నిజంగానే దొరుకుతుంది. "చేత్తో పట్టే చిత్రిక కావాలి" అంటే మాత్రం కుర్రాడు లోపలికెళ్లి వాళ్ల నాన్నని తీసుకొస్తాడు, వాళ్ల నాన్న నిచ్చెన వేసుకుని అటకెక్కుతాడు. "ఏ కంపెనీకి సార్ బిల్లు?" అని అడుగుతారు. కంపెనీ లేదంటే జాలి పడతారు. మంచి ఉలి కావాలంటే బజారుది కాదు, కమ్మరి చేసింది తీసుకోవాలి. లారీ కమాను పట్టీల ఉక్కుతో ఊళ్లలో కమ్మర్లు చేసే ఉలి పదును పట్టిందంటే ఒక పట్టాన పోదు. ఆ ఉలిని సైకిల్ మీద కత్తులు సానపట్టేవాడికి మాత్రం ఇవ్వకూడదు. అతని చక్రం వంకాయ కత్తులకి సరిపోతుంది. ఉలి మొనని నిప్పురవ్వలు ఎగిరేలా ఒత్తితే ఉక్కు నీలంగా తిరిగి, పట్టిన గట్టిదనం కాస్తా పోతుంది. సానరాయి కొనుక్కుని ఇంట్లో నూరుకోవడమే ఉత్తమం. పొద్దున్నే ఆ చప్పుడుకి కింది ఫ్లాట్ ఆయన లేచి వాకింగ్‌కి వెళుతున్నాడు, షుగర్ తగ్గిందట.

యంత్రంతో చెక్కించుకోవాలంటే సీఎన్‌సీ దుకాణాలు ఇప్పుడు పేటకొకటి ఉన్నాయి. నేను అడిగింది పలకలో సన్నటి గాడి ఒకటి. ఆ అబ్బాయి కంప్యూటర్ తెరిచి, "ఏ దేవుడు సార్?" అన్నాడు. వాకిలి తలుపు మీద వెంకటేశ్వరస్వామో, లక్ష్మీదేవో, వినాయకుడో లేకుండా అతని యంత్రం ఇప్పటిదాకా కదల్లేదు. వట్టి గాడి గీయడానికి ఫైలు లేదు. శంఖచక్రాల ఫైలు తెరిచి, శంఖం తీసేసి, చక్రం తీసేసి, నామాల్లో ఒక గీత మిగిల్చి, దాన్ని పొడుగు లాగి పని ముగించాడు. ధర మాత్రం శంఖచక్రాలదే వేశాడు.

ఇక నేర్పేవాళ్ల సంగతి. ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడు ఉంది. నేను వెళ్లి వివరాలడిగితే, "అబ్బాయిని తీసుకొచ్చారా?" అన్నారు. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో చెక్క పనికీ యంత్రాలున్నాయి. బెంగళూరు మల్లేశ్వరంలో కేంద్ర ప్రభుత్వపు కలప శాస్త్ర సంస్థ ఉంది, ఐడబ్ల్యూఎస్టీ అంటారు, అక్కడ చెక్క పని శిక్షణ కేంద్రం కూడా ఉంది. చదువంటే అలా ఉండాలి. మా ఆవిడ మాత్రం రైలు ఛార్జీలు, బస ఖర్చు కాగితం మీద వేసి, ఆ డబ్బుకి రెడీమేడ్ పీటలెన్ని వస్తాయో పక్కన రాసి చూపించింది.

నా మనసు మాత్రం అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక మీద ఉంది. వరాహ నది ఒడ్డున ఆ ఊరి లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, వాటికి సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మెత్తటి అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో ఒత్తితే నిగనిగలాడుతుంది. ఇందులో రంపం, మేకు, ఫెవికాల్, కమీషన్ ఏవీ లేవు. ఇంతకంటే నాగరికమైన పని నాకు తెలీదు.

ప్రస్తుతానికి నా గురువు మా వీధి చివర షెడ్డులో పనిచేసే ఆచారి గారు. నేర్పమని అడిగితే, "నేర్పుడేముంది సారూ, కూసోని సూడుండ్రి" అన్నారు. కూర్చుని చూస్తున్నాను. కూసం ఎంత బిగువుగా ఉండాలో, చిత్రిక ఏ వాలున పట్టాలో ఆయన నోటితో చెప్పరు. నేను చేస్తుంటే మాత్రం, "గదేంది సారూ, ఉలితోని ఉప్మ కలుపుతున్నరా?" అంటారు. వాళ్లబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "మా పోరడు ఈ పని ఇడిసిపెట్టి పొద్దంత కుర్చీల కూసునే నౌకరి పట్టిండు. మీరేమో కుర్చీ ఇడిసిపెట్టి నా దగ్గరికొచ్చిన్రు. ఇద్దరు ఒకసారి మాట్లాడుకోరాదుండ్రి, ఒక్క ఫోన్లనే తేలిపోతది" అంటారు.

ఫీజు తీసుకోరు. బదులుగా ఆయన ఎస్టిమేట్లు, బిల్లులు నేను రాసిపెట్టాలి. ఆయన చెబుతూ పోతారు, నేను రాస్తూ పోతాను. కలప ఇంత, స్క్రూలు ఇంత, పాలిష్ ఇంత, హెల్పర్ కూలి ఇంత. షెడ్డులో హెల్పర్ ఎవరూ కనిపించకపోతే, "ఎవరండీ హెల్పర్?" అన్నాను. ఆయన నా కళ్లజోడు మీద పడ్డ పొట్టు వేలితో దులిపి, "రాయుండ్రి సారూ" అన్నారు. రాశాను.

ఆ పొట్టు విషయం ఒకటి మిగిలింది. కొండపల్లిలో బొమ్మల అతుకులకి పొట్టూ చింతగింజల జిగురూ కలిపి మక్కు చేస్తారు. మనం అంతవాళ్లం కాదు కాబట్టి, నా బాల్కనీలో పోగయ్యేదంతా సంచిలో పోసి మా వాచ్‌మన్ భార్యకి ఇస్తున్నాను. ఆమె దగ్గర పాత రేకు డబ్బాతో చేసిన పొట్టు పొయ్యి ఉంది, స్నానాలకి నీళ్లు దాని మీదే కాగుతాయి. పోయిన వారం సంచి అందుకుని, చెయ్యి లోపలికి పెట్టి చూసి, నచ్చనట్టు తల తిప్పింది.

"సారూ, వచ్చే ఐతారం రంద బంద్ పెట్టి రంపం పట్టుండ్రి. గీ చుట్టలు పొయ్యిల నిలుస్తలేవు. పొడి అయితెనే మంచిగ కూరొస్తది. ఇంకో సంచి ఎక్కువ కావాలె, మా అక్కగూడ అడుగుతుంది."