దూరానికి పుట్టినదాన్ని

సంచులు తగిలించకముందే నా బరువు 14 కిలోలు. చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. పందెం సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనే పెట్టాల్సి వచ్చిందంటే, ఆ లోకంలో తేలికదనం కోసం ఎంత తాపత్రయమో తెలుస్తుంది. నా లోకం వేరు. గుడారం, వంట గిన్నెలు, మంచినీళ్ళు, బట్టలు మోసుకుంటూ రోజుల తరబడి సాగాలి. పొలాల మధ్య ఏదైనా విరిగితే పక్క ఊళ్ళో దొరికేదానితో బాగుపడి మళ్ళీ కదలాలి. నా ఒంటి మీది ప్రతి భాగాన్నీ ఈ ఒక్క పరీక్ష పెట్టే ఎంచారు.

పుట్టింది తైవాన్‌లో. ఉక్కులో క్రోమియం, మాలిబ్డినం కొద్దికొద్దిగా కలిపి తీసిన క్రోమోలీ గొట్టాలు నా ఒళ్ళు. తెలిసినవాళ్ళెవరైనా ముందు నా వెనక భాగం చూస్తారు. పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా 460 మిల్లీమీటర్లు. పందెం సైకిళ్ళకు ఇది సుమారు 410 మాత్రమే. ఆ అయిదు సెంటీమీటర్ల వల్లే తొక్కేవాళ్ళ మడమ వెనక సంచికి తగలదు, బరువెక్కినా నడక చెదరదు. క్యారేజీలకూ మడ్గార్డులకూ మరలు దిగే చెవులు, మూడు నీళ్ళ సీసాలకు చోటు, అదనపు స్పోకులు దాచుకునే కొక్కెం కూడా పుట్టుకతోనే వచ్చాయి.

నన్ను మొదట కొన్నాయన బెంగళూరులో కొన్నాళ్ళు ఆఫీసుకు తిప్పి, ఆ తర్వాత బాల్కనీలో వదిలేశాడు. విదేశం వెళ్ళిపోతూ అమ్మజూపితే విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. ఆమె రంగు చూడలేదు. సీటు గొట్టం పైకి లాగి, లోపలికి టార్చి వేసి తుప్పు వెతికింది. అతుకుల దగ్గర వేలితో తడిమి పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని చూసింది. ఆ తర్వాత స్కేలు తీసి చైను కొలిచింది. చైనులో ఒక్కో లంకె అరంగుళం. 24 లంకెలు కలిపి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగిందంటే అది పళ్ళచక్రాల్ని కూడా తినేసి ఉంటుంది. నాది అంతకు మించే సాగింది. దాంతో ధర దిగింది. అరిగినవి ఎలాగూ మార్చుకోవచ్చు, గట్టి గొట్టాలే ముఖ్యమని ఆమెకు తెలుసు. కొనడం తెలిసిన మనిషి చేతిలో పడ్డానని సంతోషించాను.

రైలు పార్శిల్లో విశాఖ చేరి గోపాలపట్నంలోని ఒక చిన్న సైకిల్ షాపుకి వెళ్ళాను. అక్కడి మేస్త్రికి వయసు మీదపడినా చక్రం బెండు తీయడంలో ఆ చేతికి తిరుగులేదు. ఆమె ఖరీదైన రిమ్ములు చూపించి, సన్న వాల్వు పెడదామంది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"ఆ వాల్వు వద్దమ్మా. స్కూటరు వాల్వు పట్టే రిమ్ము తెప్పించు. బంకుకాడ గాలెక్కుద్ది, పంక్చరు షాపుకాడ ఎక్కుద్ది. ఆ సన్నదానికి పంపెవుడిస్తాడు?"

"మరి స్పోకులు ముప్ఫై రెండు చాలవా, బాబాయ్?"

"సామాన్లేసుకుని ఘాటీ ఎక్కుతానంటున్నావు. ముప్ఫై ఆరుండాల. ఒకటి ఇరిగినా చక్రం తిరగాల."

స్పోకు విరిగితే చాలాసార్లు వెనక చక్రంలో, చైను ఉన్న వైపే విరుగుతుంది. పళ్ళచక్రాలకు చోటివ్వడానికి అటువైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి మరి. పళ్ళచక్రాలు విప్పితే గానీ కొత్త స్పోకు దూరదు కాబట్టి ఆ విప్పే పనిముట్టు కూడా సామాన్లో చేరింది. నా చక్రాలు 26 అంగుళాలవి. ఈ కొలత ట్యూబు మన చిన్న ఊళ్ళ షాపుల్లో కూడా దొరుకుతుంది. నన్ను కొనడానికి ఇదీ ఒక కారణమే.

గేర్ల దగ్గర ఇద్దరికీ మాట కలిసింది. ముందు 48, 36, 26 పళ్ళు. వెనక 11 నుంచి 34 దాకా తొమ్మిది చక్రాలు. అన్నిటికన్నా తేలిక గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే నేను కదిలేది మీటరున్నర పైచిలుకు. బరువు గేరులో అదే చుట్టుకు దాదాపు తొమ్మిది మీటర్లు పోతాను. గేరు మీటలు హ్యాండిల్ చివర్లలో ఉన్నాయి. టక్కుటక్కున పడే అమరిక చెడిపోతే మీట తిప్పి, పాత పద్ధతిలో చేతి అంచనాతో గేరు మార్చుకోవచ్చు. నా దృష్టిలో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకోటి లేదు.

సీటు తోలుది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ వాళ్ళ తయారీ. మెత్తటి దిండు సీటు మొదటి గంట హాయిగా ఉంటుంది, ఆ తర్వాత ఒరుసుకుని పుండు చేస్తుంది. ఇది మొదట్లో చెక్కలా గట్టిగా ఉండి, వందల కిలోమీటర్లు తొక్కాక కూర్చునేవాళ్ళ ఎముకల ఆకారానికి వంగుతుంది. వానకు నానితే సాగిపోతుంది కాబట్టి దానికో తొడుగు ఎప్పుడూ దగ్గరుండాలి.

క్యారేజీ కూడా ఉక్కుదే కావాలని పట్టుబట్టింది ఆమె. అల్యూమినియం తేలికే గానీ విరిగితే అతికేవాళ్ళు దొరకరు. ఉక్కు చువ్వకు ఏ వెల్డింగు షాపులోనైనా అతుకు పడుతుంది.

తొలి ప్రయాణం అరకు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాటీలో తేలిక గేరు వేసి గంటకు ఆరు కిలోమీటర్ల లోపే ఎక్కాం. కాఫీ తోటల మధ్య ఆమె ఊపిరి లయకు నా చైను తిరిగిన ఆ గంటల కోసమే నన్ను చేశారనిపించింది. బరువంతా వెనకే ఉండటంతో నిటారు మలుపుల్లో ముందు చక్రం తేలిపోయింది. దిగేటప్పుడు సంగతి వేరు. నా బ్రేకులు రిమ్మును పట్టేవి. ఇంత బరువుతో అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. ఆమె గట్టిగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కుతూ దింపింది. నడుమ ఆగి రిమ్ములు చల్లారనిచ్చింది. ఘాటీ దిగే ప్రతి ఒక్కరూ నేర్వవలసిన పద్ధతి ఇది.

ఇంటికి చేరాక సంచులు ఖాళీ చేసి, వాడని సామానంతా పక్కన పెట్టేసింది. 1884లో పెద్ద చక్రం సైకిలు మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి భూమి చుట్టిన థామస్ స్టీవెన్స్ సంచిలో సాక్సులు, ఒక చొక్కా, గుడారంగానూ పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వరు ఉండేవట. అలాగే 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద బయల్దేరితే వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గారా 1928లో భూమిని చుట్టి వచ్చారు. దాదాపు 71 వేల కిలోమీటర్లు తొక్కారు. మా జాతి చరిత్రలో నాకు అన్నిటికన్నా గర్వమనిపించే ప్రయాణం అదే.

ఈ వారం మేస్త్రి నా ముందు చక్రానికి ఇరుపక్కలా, ఇరుసు ఎత్తులో, చిన్న క్యారేజీలు బిగిస్తున్నాడు. బరువైన గిన్నెలు, పనిముట్లు అక్కడికి దిగుతాయి. బ్రేకు రబ్బర్లు కొత్తవి పడ్డాయి. ఈసారి శ్రీకాకుళం మీదుగా పూరీ దాకా పోవాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ కూడా ట్యూబుకు, గాలికి ఇబ్బంది ఉండదని మేస్త్రి భరోసా ఇచ్చాడు.