అదను బాబాయి

డబ్బు లేక కొననివాళ్ళు వేరు. డబ్బుండీ కొనని పిసినారులు వేరు. మా బాబాయి ఈ రెండు కోవల్లోనూ చేరడు. ఆయన కొంటాడు. తప్పకుండా కొంటాడు. కాకపోతే ఇప్పుడు కాదు.

ఇలాంటివాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. మా వంతుకొచ్చినవాడు బెజవాడ సత్యనారాయణపురం బాబాయి. ఆయన కోరికలన్నీ ఒక పాత ఎల్‌ఐసీ డైరీలో ఉంటాయి. పేజీకి మూడు గళ్ళు: వస్తువు, నేటి ధర, ఎప్పుడు. వస్తువు పేరు పెన్నుతో, ధర పెన్సిల్‌తో. చెరిపి చెరిపి రాయడంవల్ల 'ఏసీ, ఒకటిన్నర టన్ను' అన్నచోట కాగితం పల్చబడి, అవతలి పేజీలోని వెట్ గ్రైండర్ ఇటు కనిపిస్తోంది. మూడో గడిలో 'ఆషాఢం' కొట్టేసి 'ఇయర్ ఎండింగ్', అదీ కొట్టేసి 'బడ్జెట్ తర్వాత', బాణం గుర్తేసి 'దసరా'.

ఆయన విద్య తక్కువదేం కాదు. ఎండాకాలంలో ఏసీ ధర అడగకూడదు. స్వెటర్ ఫిబ్రవరిలో కొనాలి. (బెజవాడ ఎండల్లో స్వెటరెందుకని మాత్రం అడక్కండి. చవగ్గా వచ్చింది, అంతే.) డిసెంబరులో బండి కొంటే షోరూమ్‌వాడు తగ్గిస్తాడు గానీ, నెల తిరక్కుండానే అది పోయినేడాది మోడల్ అయిపోతుంది. జనవరి దాకా ఆగితే మోడల్ కొత్తదే, తగ్గింపు ఉండదు. ఈ మెలిక పుణ్యమాని ఆయన పాత స్కూటర్ ఇంకా నడుస్తోంది.

దీనికితోడు గోడమీద వెంకట్రామా క్యాలెండర్. అసలు చిక్కంతా అక్కడుంది. ధర దిగినప్పుడు మంచిరోజులుండవు, మంచిరోజులొస్తే ధర దిగదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గనకే బట్టల కొట్లవాళ్ళు తగ్గింపులు పెడతారు. డిసెంబరు సగం దాటిందంటే ధనుర్మాసం. అక్షయ తృతీయనాడు నగల కొట్లు కిటకిటలాడుతుంటే రూపాయి తగ్గించే ఖర్మ ఎవరికి? ఈ రెండూ కలిసొచ్చే రోజు కోసం బాబాయి కాచుక్కూచుంటాడు. నన్నడిగితే, ఆయనకి వస్తువుకన్నా ఆ కాచుక్కూచోవడం మీదే మోజు.

2024 జులై 23న బడ్జెట్లో బంగారంమీద దిగుమతి సుంకం 15 శాతం నించి 6 శాతానికి దించారు. సాయంత్రానికి పిన్ని చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "ఆషాఢంలో బంగారమేమిటే! రెండు వారాలు ఓపిక పట్టు, శ్రావణం వచ్చేస్తుంది" అన్నాడు. శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతమూ వచ్చింది. ధర మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టింది. అమ్మవారి కలశానికి పాత కాసే కట్టారు.

రెండూ కలిసిన రోజు ఒకటి రానే వచ్చింది. 2025 సెప్టెంబరు 22. ఏసీలమీద జీఎస్‌టీ 28 నించి 18 శాతానికి దిగింది. మహాలయ పక్షం ముందురోజే వెళ్ళిపోయింది, నవరాత్రులు మొదలయ్యాయి. సోమవారం గనక రాహుకాలం తొమ్మిదింటికల్లా సరి. బాబాయి ఇస్త్రీ లాల్చీ వేసుకుని కొట్టు తలుపు తీసేవేళకి వెళ్ళాడు. కుర్రాడు నాలుగు రకాలు చూపించాడు. బాబాయి ఒకటి ఖాయం చేశాడు. "బిల్లు కొట్టమంటారా సార్?" అన్నాడు వాడు.

బాబాయి గొంతు తగ్గించి అడిగాడు: "దీపావళికి ఇంకేమైనా తగ్గుతుందా అబ్బాయ్?"

ఆ కుర్రాడు ఒక్క అబద్ధమాడి ఉంటే పుణ్యం దక్కేది. "ఏమో సార్, చెప్పలేం" అన్నాడు.

బాబాయి ఇంటికొచ్చేశాడు.

పిన్నికి డైరీ లేదు. రాహుకాలమూ చూడదు. ఆవిడ ముహూర్తాలు వేరు. ఆయన కాఫీ తాగేదాకా ఏదీ అడగదు. పేపర్లో షేర్ల పేజీ తెరిచి ఉంటే ఆ ఛాయలకే వెళ్ళదు. దీపావళికి కొత్తల్లుడొచ్చాడు. మారు గుత్తివంకాయ వడ్డిస్తూ, ఎవరివైపూ చూడకుండా, "మీ మావయ్యగారు ఏసీ కొంటున్నారు బాబూ, మీరొచ్చాక మీచేత ఎంపిక చేయిద్దామని ఆగారు" అంది. బాబాయి నోట్లో ముద్ద ఉంది. అది మింగేలోపు అల్లుడు "ఇప్పుడెందుకండీ అంత ఖర్చు" అనడమూ, ఈయన "అబ్బే, అదెంత పని" అనాల్సి రావడమూ జరిగిపోయాయి.

కొట్లో దీపావళి తగ్గింపు ఎంతో బాబాయి అడగలేకపోయాడు. కొత్తల్లుడి ముందు బేరమాడితే ఏం బాగుంటుంది?

కార్తీక స్నానాల రోజుల్లో ఏసీ గోడకెక్కింది. మొన్న డిసెంబరు చివర్లో నేను వెళ్ళేసరికి దానికింకా కరెంటు తగల్లేదు. స్టెబిలైజర్ లేకుండా ఆన్ చెయ్యకూడదని బాబాయి పట్టు. డైరీలో కొత్త పేజీ తీసి చూపించాడు. మూడో గడిలో 'సంక్రాంతి వెళ్ళాక' అని ఉంది.

"ఎంతలో పోతుంది బాబాయ్, తెచ్చేస్తే పోదూ?" అన్నాను.

"ధనుర్మాసంరా!" అన్నాడు.

పిన్ని పకోడీల పళ్ళెం తెచ్చింది. నాకు కాదు, ముందు ఆయనకి పెట్టింది.